ఖాళీగా కూర్చోవడం ఎలా?

మా నాయనకి ఖాళీగా కూర్చోవడం రాదు. డెబ్భై రెండేళ్ళు వచ్చినా ఇంకా నేర్చుకోలేదు. ఆ విద్య నాకూ రాదన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2023 డిసెంబర్‌లో మెక్సికోలో సముద్రం ఒడ్డున అయిదు రోజులు గడిపొచ్చాక తెలిసింది. అదే రాద్దామని కూర్చున్నా. "కాంకున్‌లో తప్పక చూడాల్సిన పది ప్రదేశాలు" లాంటిదేదో ఉంటుందనుకుని వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ముందు మా ఊరి గురించి నాలుగు ముక్కలు. మాది మేళ్లచెరువు. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. కోదాడ, హుజూర్‌నగర్ తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. మా ఊరికి రెండింటివల్ల పేరు. ఒకటి శంభులింగేశ్వరస్వామి గుడి, శివరాత్రికి అక్కడ జరిగే జాతర, ఎడ్ల పందేలు. రెండోది సిమెంటు. మా నేల కిందంతా సున్నపురాయి. చిన్నప్పుడు మా ఇంటి అరుగు నాపబండ, బర్రెల కొట్టం గోడ నాపబండ, బట్టలుతికేది నాపబండ మీద. తర్వాత్తర్వాత ఆ రాయి కోసమే ఫ్యాక్టరీలొచ్చాయి.

నాయన రైతు. సాగర్ ఎడమ కాలువ కింద కొంచెం వరి, మెరక మీద కొంచెం మిరప, రెండు బర్రెలు. బర్రెలున్న ఇంటికి సెలవుండదు. పెళ్ళికెళ్ళినా పాలు పిండే వేళకి ఇంటికి రావాల్సిందే. నేను పుట్టాక ఆయన ఊరు వదిలి వరసగా నాలుగు రోజులున్నది ఒకేసారి, రామేశ్వరం యాత్ర బస్సులో. సముద్రం చూడటం కూడా అప్పుడే. "ఎట్లా ఉంది నాయనా సముద్రం?" అనడిగితే, "ఏముందిరా, మూడు మునకలేసి బస్సెక్కినం, డ్రైవరు హారన్ కొడ్తనే ఉండె" అన్నాడు. అదీ ఆయనకి సముద్రంతో ఉన్న పరిచయం.

అమ్మా నాయనా ఆ ఏడు దసరా దాటాక డాలస్ వచ్చారు. వచ్చిన వారానికే మా ఇంటి వెనక గడ్డి మొత్తం కూర్చుని పీకాడు నాయన. అది కలుపు కాదు నాయనా, డబ్బులు పెట్టి పెంచుతున్న లాను అని చెప్పేసరికి సగం అయిపోయింది. పక్కింటాయన కంచె విరిగితే మేకులు కొట్టొచ్చాడు. చేసేందుకు ఏమీ మిగలకపోతే గరాజ్‌లో ఉన్న అట్టపెట్టెలన్నీ మడిచి, తాళ్ళతో కట్టి, ఎత్తు ప్రకారం పేర్చాడు. మా ఆవిడ "మామయ్యా, కాసేపు కూర్చోండి" అంటే కూర్చుంటాడు, సరిగ్గా ఆమె వంటింట్లోకి వెళ్ళేదాకా.

ఇలాంటి మనిషిని "రిలాక్సింగ్ బీచ్ వెకేషన్"కి తీసుకెళ్ళాలన్న ఆలోచన ఎవరికొచ్చిందని అడక్కండి. నాకే వచ్చింది.

మా నాలుగు కుటుంబాలకీ డిసెంబర్ ఆఖర్లో ఎక్కడికో అక్కడికి వెళ్ళడం అలవాటు. స్నేహితుల పేర్లు రాస్తే ఊరుకోరు కాబట్టి ఊళ్ళతో చెబుతా. ఖమ్మం, నరసరావుపేట, మిర్యాలగూడ, నేను. ఆ ఏడు కాంకున్ అనుకున్నాం. డాలస్ నుంచి విమానంలో మూడు గంటలు కూడా పట్టదు. మనం చలికి స్వెట్టర్లేసుకుని ఎక్కితే అక్కడ చొక్కా విప్పి దిగొచ్చు.

అంతా బుక్ చేశాక మిర్యాలగూడ రాలేకపోయాడు. కారణం మా జాతి మొత్తానికీ తెలిసిందే, వీసా స్టాంపు. మెక్సికో వాళ్ళు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే ఇండియన్ పాస్‌పోర్టుకి వేరే వీసా అడగరు. మావాడి హెచ్-వన్ పొడిగింపు కాగితాలు శుభ్రంగా ఉన్నాయిగానీ, పాస్‌పోర్టులో స్టాంపు తేదీ దాటిపోయింది. తిరిగి అమెరికాలోకి రావడానికి ముప్ఫై రోజుల్లోపు ప్రయాణమైతే ఆ పాత స్టాంపు సరిపోయే వెసులుబాటు ఉంది. అసలు మెక్సికోలోకి వెళ్ళడానికే అది చాలదు. వాడు గమనించేసరికి విడిగా మెక్సికో వీసా తీసుకునే టైము లేదు. పదమూడేళ్ళుగా ఇక్కడ పన్నులు కడుతున్న ఇంజనీరు ఆగిపోయాడు. విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మానాయనలు మాత్రం పదేళ్ళ స్టాంపుతో దర్జాగా విమానం ఎక్కారు. "మీ నాయన నాకంటే సీనియర్ రా" అని నవ్వాడు ఫోన్లో. ఆ నవ్వు నాకు అంత బావున్నట్టు అనిపించలేదు.

సరే, బయల్దేరింది డిసెంబర్ 23, శనివారం. ఇండియా కేలండర్ ప్రకారం ఆ రోజు ముక్కోటి ఏకాదశి. అమ్మ ఉపవాసం. మేం దిగిందేమో ఆల్-ఇన్‌క్లూజివ్ హోటల్లో. అంటే చేతికి ప్లాస్టిక్ పట్టీ ఒకటి కడతారు, అది ఉన్నన్నాళ్ళూ ఎంత తిన్నా, ఎంత తాగినా ఎవరూ బిల్లు ఇవ్వరు. అంత డబ్బు పోసి, మొదటి రోజే ఒక మనిషి మంచినీళ్ళతో సరిపెట్టేసింది. మా ఆవిడ లెక్క వేయబోతే నేనే వద్దన్నాను. అమ్మ మాత్రం ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "జాతరలో పిల్లలు తప్పిపోకుండా కడతరే, అట్లాంటిదా?" అంది. మర్నాడు ద్వాదశి పారణ బొప్పాయి ముక్కలు, తెల్లన్నం, పెరుగు, ఇంటినుంచి తెచ్చుకున్న ఉసిరికాయ పచ్చడితో అయ్యింది.

కాంకున్ గురించి ఒక మాట. ఇదేదో పాతకాలపు ఊరనుకున్నా నేను. కాదు. మెక్సికో ప్రభుత్వం పనిగట్టుకుని కట్టిన ఊరు. 1970లో పని మొదలైనప్పుడు అక్కడ ఉన్నది వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. ఒకపక్క కరీబియన్ సముద్రం, ఇంకోపక్క మడుగు, మధ్యలో ఏడు అంకె ఆకారంలో సన్నటి ఇసక దిబ్బ. దానిమీద హోటళ్ళు కట్టారు. 2005 అక్టోబర్‌లో విల్మా తుపాను వచ్చి ఆ ఇసకని చాలా చోట్ల ఊడ్చుకుపోతే, సముద్రం అడుగునుంచి తోడి మళ్ళీ పోశారు. కొన్నేళ్ళకి అదీ కొట్టుకుపోతే ఇంకోసారి పోశారు. నాయనకి ఈ సంగతి చెబితే వంగి గుప్పెడు ఇసక తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు. "ఇసక కూడా తోలించిందేనా!" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. చెరువుమట్టి బండ్లకొద్దీ చేలోకి తోలిన మనిషి కదా, ఎంత పనో ఆయనకి తెలుసు.

ఆ ఇసక ఎండలో కూడా పెద్దగా కాలదు. గవ్వలూ పగడపు దిబ్బలూ అరిగి అరిగి పొడైన ఇసక అది, తెల్లగా ఉంటుంది. అంటే అదీ ఒకరకంగా సున్నమే. నాయన తువ్వాలు తలకి చుట్టుకుని, లుంగీ కట్టుకుని, గొడుగు కింద వాలుకుర్చీ అంచుమీద కూర్చున్నాడు. వాలలేదు, అంచుమీదే. బస్సు కోసం కూర్చున్నట్టు. పావుగంట తర్వాత, "ఇప్పుడేం చెయ్యాల్రా?" అన్నాడు.

"ఏం చెయ్యక్కర్లేదు నాయనా. చూస్తూ కూర్చోవడమే."

"ఎందాక?"

నా దగ్గర జవాబు లేదు.

24 తెల్లారి నేను లేచి బాల్కనీలోకి వచ్చేసరికి కింద మా నాయన కనిపించాడు. చేతిలో ఇంత పొడుగు పళ్ళకర్ర. రాత్రికి రాత్రి సముద్రం తెచ్చి ఒడ్డున పడేసిన గోధుమరంగు నాచుని కుప్పలు వేస్తున్నాడు! (దాన్ని సర్గాసమ్ అంటారు. ఎండాకాలంలో టన్నుల కొద్దీ వస్తుంది, చలికాలంలో తక్కువ.) పక్కన హోటల్ యూనిఫాంలో ఒకాయన తోపుడుబండిలోకి ఆ కుప్పలు ఎత్తుతున్నాడు. ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకుంటున్నారు. గబగబా మా పాపని లేపుకుని దిగాను. ఎనిమిదో క్లాసు, స్కూల్లో రెండేళ్ళుగా స్పానిష్ చదువుతోంది.

పాప అనువాదంలో తేలిందేంటంటే, ఆయనది అక్కడికి రెండు మూడు గంటల దూరంలో, వయ్యదోలిద్ పట్నం దగ్గర ఓ పల్లె. ఇంట్లో మాట్లాడేది మాయా భాష, స్పానిష్ ఆయన కూడా బడిలో నేర్చుకున్నదే. ఊళ్ళో చేనుంది. మొక్కజొన్న, అందులోనే చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు. వర్షాధారం. చేను ఇప్పుడు తమ్ముడు చూస్తున్నాడు, ఈయన వారానికోసారి ఊరికి వెళ్ళొస్తాడు. నాయన అడిగించిన ప్రశ్నలు వరసగా: ఎన్ని ఎకరాలు? పందుల బెడద ఉందా? మొక్కజొన్నకి ధరెంత? ఆడపిల్లలెంతమంది? పాపకి "బెడద"ని స్పానిష్‌లో ఏమనాలో తెలీక చేతులతో పందిని నటించి చూపించింది. ఆయన విరగబడి నవ్వాడు.

ఇంకో ప్రశ్న కూడా అడిగించాడు నాయన. ఏడాదికి నీకు సెలవెన్ని రోజులు? ఆ జవాబు నేను తర్వాత సరిచూశాను, నిజమే. మెక్సికోలో ఏడాది పనిచేసినవాళ్ళకి చట్టప్రకారం ఇవ్వాల్సిన జీతం సెలవు అంతకుముందు ఆరు రోజులే ఉండేది. 2023 జనవరి 1 నుంచి దాన్ని పన్నెండు చేశారు. ఆ పెరిగిన ఆరు రోజులూ ఆయన చేను కోతకి వాడుకున్నాడట. అమెరికాలో ఉద్యోగికి ఒక్క రోజైనా జీతంతో సెలవివ్వాలని చెప్పే ఫెడరల్ చట్టం అసలు లేదు, కంపెనీ దయ. అప్పటి మన ఫ్యాక్టరీల చట్టంలో ఇరవై రోజుల పనికి ఒక రోజు సెలవన్న లెక్క ఉండేది. మరి రైతుకి? నాయన ఆ ప్రశ్న వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు.

25 పొద్దున కూడా నాయన వెళ్ళాడు. క్రిస్మస్, అక్కడ పండగ సెలవు. ముందు రాత్రి హోటల్లో అర్ధరాత్రి దాకా పాటలూ విందూ. ఆయన మాత్రం డ్యూటీలోనే ఉన్నాడు. ఇద్దరూ పని మొదలెట్టిన పది నిమిషాలకి తెల్ల చొక్కా వేసుకున్న సూపర్‌వైజరు ఒకతను వచ్చాడు. మాతో నవ్వుతూనే మాట్లాడాడు. నాయన చేతిలో కర్ర మర్యాదగా తీసుకుని, "మీరు అతిథులు సార్" అన్నాడు. తర్వాత ఆయన్ని కొంచెం దూరం తీసుకెళ్ళి ఏదో అన్నాడు. వినపడలేదు, వినపడాల్సిన అవసరం కూడా లేదు. తల ఎలా దించుకున్నాడో చూస్తే చాలు. మా ఊళ్ళో ఫ్యాక్టరీ గేటు దగ్గర అలా తలలు దించుకున్న రైతుబిడ్డల్ని చిన్నప్పట్నుంచీ చూశాం.

నాయన ఏం మాట్లాడకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపటికి, "నేను చేసిన పనికి ఆయనకి మాటొచ్చె గదరా" అన్నాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా పిలిస్తేగానీ రాలేదు. ఆ రోజంతా కదలకుండా కూర్చున్నాడు నాయన. మేం కోరుకున్నది అదే కదా, కానీ ఆ కూర్చోవడం చూడలేకపోయాం. సాయంత్రం నరసరావుపేట నాతో అన్నాడు: "మనం డబ్బు కట్టింది మనం పని చెయ్యకుండా ఉండటానికి కాదు బాస్. మన బదులు చేసేవాళ్ళు మనకి కనపడకుండా ఉండటానికి." నాయనకి మాత్రం ఆయన కనపడ్డాడు.

ఇక 26. ఇది నా భాగోతం.

అసలు నేను లాప్‌టాప్ తీసుకెళ్ళకూడదు. ఆ వారం డ్యూటీ వేరే అతనిది. "ఊరికే, బ్యాగులో ఉంటుందంతే" అని మా ఆవిడకి చెప్పి తెచ్చాను. (పెళ్ళయినవాళ్ళకి ఆ చూపు వర్ణించనక్కర్లేదు.) ఉదయం పదింటికి ఫోను. ఏడాది చివరి లెక్కలు వేసే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయింది. డ్యూటీలో ఉన్నతను పాపం అన్నీ ప్రయత్నించాడుగానీ ఆ కోడు అతనికి కొత్త. తెరిచి చూస్తే ఆగిపోయిన చోట ఒక వ్యాఖ్య ఉంది: "తాత్కాలికం. తర్వాత సరిచెయ్యాలి." తేదీ 2016. రాసిన మహానుభావుడు నేనే.

పదకొండు నుంచి రెండున్నర దాకా ఆరో అంతస్తు బాల్కనీలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నా. ఎదురుగా ఆకుపచ్చ, నీలం, ఇంకా పేరు లేని రంగులన్నీ కలిసిన సముద్రం. ముందురోజు ఉత్తరపు గాలికి ఒడ్డున ఎర్రజెండా ఎగిరింది, ఎవర్నీ దిగనివ్వలేదు. ఆ రోజు జెండా పచ్చగా మారింది. కింద మావాళ్ళందరూ నీళ్ళలోకి దిగుతున్నారు. వాళ్ళలో ఒక ఎర్రచీర కనపడింది.

మా అమ్మకి నీళ్ళంటే భయం. చిన్నప్పుడు వాళ్ళ ఊరి బావిలో తోటి పిల్ల ఒకతె పడిపోయిందట, అప్పట్నుంచీ. కృష్ణ ఒడ్డున ఉన్న మట్టపల్లి వెళ్ళినా చెంబుతో నెత్తిన పోసుకుని రావడమే తప్ప దిగలేదెప్పుడూ. ఆ అమ్మ ఒక చెయ్యి మా ఆవిడకి, ఒక చెయ్యి పాపకి ఇచ్చి, మోకాలు దాకా వెళ్ళి, నడుం దాకా వెళ్ళి నిలబడింది. అల వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఎగురుతున్నారు. నవ్వు వినపడలేదు, ఆరో అంతస్తు కదా. పైగా చెవుల్లో ఎవరో డేటాబేస్ లాగు చదువుతున్నారు. నేను మైకు మ్యూట్ చేసుకుని రెయిలింగు దగ్గరికెళ్ళి నిలబడ్డాను. "ఆర్ యూ దేర్?" అని మూడుసార్లు అడిగారు. ఉన్నాను అని చెప్పాను.

నేను కిందికి వెళ్ళేసరికి అమ్మ చీర మార్చుకుని వచ్చేసింది. ఫోటో ఉందా అంటే లేదు, అందరి చేతులూ ఒకరివొకరు పట్టుకుని ఉన్నాయి కదా. రేపు మళ్ళీ దిగుదువులే అన్నాను. "చాల్లేరా, ఒకసారి దిగిన, అయిపాయె" అంది. నిజంగానే మళ్ళీ దిగలేదు.

రాత్రి బాల్కనీలో నాయనా నేనూ. ఆయన కాసేపు లాప్‌టాప్ సంచీ వైపు చూశాడు. "నీకు కూడా రెండు బర్రెలున్నయిరా" అన్నాడు. తిట్టలేదు, జాలిపడ్డాడు. అదే ఎక్కువ తగిలింది నాకు. బర్రె ఆకలికి అరుస్తుంది, దానికి ప్రాణముంది కాబట్టి. నా ప్రోగ్రాం ఒక రోజు ఆగితే ఎవరి ప్రాణమూ పోదు. ఏడేళ్ళ కింద రెండు గంటలు కూర్చుని సరిచేసి ఉంటే ఇవాళ ఆ ఫోను వచ్చేది కాదు. ఆయనకి సెలవు లేకపోవడం బతుకు. నాకు సెలవు ఉండీ లేకపోవడం నేను చేతులారా తెచ్చుకున్నది. అయినా ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటాం, "మావాడికి ఊపిరాడదండీ, అంత బిజీ" అని!

27న అద్దె వ్యాన్ మాట్లాడుకుని టులుం వైపు బయల్దేరాం. సముద్రం ఒడ్డున గుట్ట మీద మాయా వాళ్ళ కోట ఊరు. అది చూసి, అక్కణ్ణుంచి కోబా వెళ్ళే దారిలో ఒక సెనోటే దగ్గర ఆగాం. దారి పొడుగునా పొట్టి అడవి. రోడ్డుకి కోసిన చోట్ల నేల లోపల్నుంచి తెల్లటి రాయి బయటపడి ఉంది. నాయన కిటికీలోంచి చూసి చూసి, "ఇది మనూరి రాయే" అన్నాడు. అందరం నవ్వాం.

నవ్వాంగానీ, ఆయన చెప్పింది తప్పు కాదు. ఆ యుకటాన్ ప్రాంతమంతా ఒకే సున్నపురాయి పలక. పడిన వాన పడినట్టే రాయిలోకి ఇంకిపోతుంది. అందుకే ఉత్తర భాగంలో పైకి కనపడే నది ఒక్కటీ లేదు. నీళ్ళన్నీ భూమి కింద గుహల్లో పారతాయి. ఆ గుహల కప్పు కూలిన చోట బావిలా తెరుచుకుంటుంది, అదే సెనోటే. అలాంటివి వేలున్నాయి. టులుం దగ్గర నీళ్ళలో మునిగిన గుహల వ్యవస్థ ఒకటి 347 కిలోమీటర్ల పొడుగుందని 2018లో డైవర్లు తేల్చారు. మన బెలూం గుహలు కూడా సున్నపురాయిలో నీళ్ళు తొలిచినవే, మూడు కిలోమీటర్ల పైచిలుకు. మా రాయి వాళ్ళ రాయికంటే కోట్ల ఏళ్ళు పెద్దది, అంతే తేడా. నాయన సీనియారిటీ అక్కడా నిలబడింది.

ఒళ్ళు కడుక్కుని గానీ దిగనివ్వలేదు, క్రీములు నీళ్ళలో కలవకూడదని. చెక్కమెట్ల మీద నాయన మోకాళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే దిగాడు. కింద పెద్ద గుహ. పైన కప్పులో ఒక్కచోట మాత్రం కన్నం, అందులోంచి స్తంభంలా ఎండ. ఆ ఎండ పడిన చోట నీళ్ళు అడుగుదాకా కనపడుతున్నాయి. పిల్లలూ ఖమ్మం దూకేశారు. నాయన ఒడ్డున రాతిమీద కూర్చుని, చెయ్యి ముంచి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు.

మా ఊరి శంభులింగేశ్వరస్వామి లింగం పైభాగంలో చిన్న గుంట ఉంటుంది. అందులో ఎప్పుడూ నీళ్ళుంటాయి. తీసేకొద్దీ ఊరతాయని ఊళ్ళో అందరి నమ్మకం. ఆ నీళ్ళనే తీర్థంగా చల్లుతారు. చిన్నప్పుడు నేను నాయన్ని అడిగానట, రాయిలోకి నీళ్ళెట్లా వస్తాయని. నాకు గుర్తులేదు. ఆయనకి గుర్తుంది.

"అప్పుడడిగినవు గదా, చూడు, రాయి నిండా నీళ్ళే" అన్నాడు.

తర్వాత ఏమీ మాట్లాడలేదు. నేనూ పక్కన కూర్చున్నాను. ఫోను పైన లాకర్లో ఉంది. ఎండ స్తంభం నెమ్మదిగా నీళ్ళమీద జరిగి జరిగి అవతలి గోడ ఎక్కేదాకా ఆయన కదల్లేదు. దాదాపు గంట. కాళ్ళు చాపుకుని, రెండు చేతులూ వెనక్కి ఆనించి కూర్చున్నాడు. ఆ భంగిమలో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. "ఎందాక?" అని కూడా అడగలేదు.

తిరుగుదార్లో ఒక పల్లెలో రోడ్డు పక్కన ఆగాం. ఒకావిడ పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాలుస్తోంది. జొన్నలని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. అలా చేస్తే పొట్టు ఊడొస్తుంది, పిండి సాగుతుంది, ఒంటికి పట్టే పోషకాలు కూడా పెరుగుతాయి. మాయా వాళ్ళ కాలంనుంచీ అదే పద్ధతి. తాంబూలంలో సున్నం తప్ప తిండిలో సున్నం ఎరగని నాయన ఆశ్చర్యపోయాడు. "పిడుగురాళ్ళ సున్నం ఇంతదూరం వచ్చిందే!" అని అమ్మ నవ్వింది. ఆమె ఆ రొట్టెని చేత్తో తట్టే తీరు చూసి, "మా అత్తగారు జొన్నరొట్టె ఇట్లానే కొట్టేది" అంది. పక్కన హబనేరో మిరపకాయల పచ్చడి. మిరపకాయ అసలు ఈ ఖండానిదే, పోర్చుగీసు వాళ్ళ పుణ్యమా అని మనకొచ్చింది అని నేను చెబితే, మిరప పండించిన నాయన నమ్మలేదు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, అప్పుడు నమ్మాడు.

28 పొద్దున్నే బయల్దేరాలి. తెల్లారకముందే నాయన కింద ఉన్నాడు. నాకు గుండె గుభేలుమంది, మళ్ళీ కర్ర పట్టుకున్నాడేమోనని. లేదు. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ఆయన నాచు లాగుతూ దగ్గరికొచ్చాడు. ఇద్దరూ తలలూపుకున్నారు. కుర్చీ కిందా కొంచెం నాచుంది. నాయన రెండు కాళ్ళూ ఎత్తాడు, ఆయన కింద ఊడ్చుకుని ముందుకెళ్ళాడు, నాయన కాళ్ళు దించాడు. నేను ఆయనకి ఇవ్వాలనుకున్న డబ్బు చేతిలో పెట్టాను, తీసుకున్నాడు. నాయన మాత్రం లేచి, తలకున్న తువ్వాలు తీసి, మనం పెద్దవాళ్ళకి పెట్టినట్టు రెండు చేతులూ జోడించాడు. ఆయన కర్ర ఇసకలో గుచ్చి, టోపీ తీశాడు.

2024 మార్చి 8న శివరాత్రి. జాతరకి ఊళ్ళో ఉండాలని ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయారు అమ్మా నాయనా. ఆ తర్వాత నాయనకి మోకాళ్ళు బాగా పట్టేశాయి, అంత ప్రయాణం ఇక చెయ్యలేనంటున్నాడు. ఇక మేమే వెళ్ళాలి.

నేను డాలస్ రాగానే చేసిన మొదటి పని, ఆ 2016 నాటి "తాత్కాలికం" తీసి శుభ్రంగా రాసి, ఇంకో ఇద్దరికి నేర్పడం. మొత్తం పట్టింది ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజు ఏడేళ్ళలో నాకు దొరకలేదట! పోయిన డిసెంబర్‌లో సెలవు పెట్టి మేళ్లచెరువు వెళ్ళాను. లాప్‌టాప్ లేకుండా. మిర్యాలగూడ వాడికీ స్టాంపు పడింది, వాడూ వచ్చి మా ఇంట్లో రెండు రోజులున్నాడు. మొదటి రోజు అరుగు మీద పావుగంట కూర్చునేసరికి నా చెయ్యి జేబు తడుముకుంటోంది. నాయన గమనించి, తన పక్కన బండ చేత్తో తుడిచి, "ఇటు కూచో" అన్నాడు.

కూర్చున్నాను. ఎందాక అని అడగలేదు.